పసుపు అంటని గిన్నె

కిందటి నెల రాజమండ్రి వెళ్ళినప్పుడు మా అత్తయ్య, అంటే మా చిన్నమావయ్య భార్య, దేవుడి గూట్లో ఇరవై ఏళ్ళకు పైగా పసుపు పోసి పెట్టుకున్న తెల్లటి చిన్న గిన్నెను ఖాళీ చేసి, కుళాయి కింద ఓసారి తిప్పి కడిగి, "మావయ్య గుర్తుగా నువ్వుంచుకోవే, నేను పోతే ఎవరు ఎక్కడ పారేస్తారో" అంటూ నా చేతిలో పెట్టింది. పసుపు సంగతి మనకు తెలియనిదా, చీరకు ఓసారి అంటితే చీర చిరిగేదాకా పోదు. ఆ గిన్నెకు మాత్రం వెతికినా మచ్చ లేదు. ఇదేంటి ఇంత తెల్లగా ఉందని తిరగేసి చూశాను. అడుగున మేకుతో గీసిన పదిహేడు అంకె, దాని పక్కన చిన్న చుక్క. గిన్నె ఒళ్ళో పెట్టుకుని అక్కడే పీట మీద కూర్చున్నాను. ఎండకు తిరిగొచ్చానని అత్తయ్య మజ్జిగ కలిపి తెచ్చింది.

తొంభైల నడిమి మాట. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి, ఉద్యోగం సద్యోగం లేక మండపేటలో ఇంటి పట్టున ఉన్న నన్ను చిన్నమావయ్య తన ఇంటికి తీసుకొచ్చి, తను పనిచేసే పింగాణీ ఫ్యాక్టరీలో పెట్టించాడు. కరెంటు పోయినప్పుడల్లా స్టూలెక్కి తీగ చుట్టి బిగించుకున్న తెల్ల ఫ్యూజులు మన తరం వాళ్ళకి గుర్తుండే ఉంటాయి, అవే అక్కడ తయారయ్యేవి. మావయ్య చదివింది పదో తరగతే అయినా ఫర్నేసు మేస్త్రి. లోపల ఎంత వేడుందో మీటరు చూడకుండా మంట రంగును బట్టి చెప్పేవాడు, తర్వాత మీటరు చూస్తే అదే ఉండేది, అప్పుడు మా వైపు ఒక చూపు చూసేవాడు.

హైదరాబాదులోని ఒక ప్రయోగశాల వాళ్ళు, ఏవో లోహాలు కరిగించుకోవడానికి మూసలు కావాలని అడగడంతో ఆయనకు కొత్త పిచ్చి పట్టుకుంది. ఆ మూసలు అల్యూమినా అనే తెల్ల పొడితో చెయ్యాలి, అందులో మరొకటి రవ్వంత కూడా ఉండకూడదు, ఉంటే కరిగిన లోహంలోకి దిగి పాడు చేస్తుంది. ఆ పొడి కాలి రాయిలా బిగుసుకోవాలంటే మామూలుగా మెగ్నీషియా అనే ఇంకో పొడి చిటికెడు కలుపుతారు. ఏమీ కలపకుండా, ఉత్త మెత్తదనంతోనూ మంటతోనూ బిగుసుకునేలా చెయ్యాలని మావయ్య పంతం. తోడు వెయ్యకుండా పాలు తోడుకుంటాయా అని అత్తయ్య ఎగతాళి చేసేది.

ఆ పని కోసం ఫ్యాక్టరీలో వెనక గది ఒకటి ఇచ్చారు. ఆ గదిలోకి గాజులతో వెళ్ళకూడదు, తలలో పూలుండకూడదు, మొహానికి పౌడరు అసలే పనికిరాదు. పెళ్ళికావలసిన పిల్లని, జిడ్డు మొహంతో బస్సెక్కడం నాకెంత నామోషీగా ఉండేదో మీరే ఊహించుకోండి. మిల్లులో రోజుల తరబడి నీళ్ళతో నూరిన పొడి చిక్కటి పాలలా దిగేది. మావయ్య అందులోంచి ఒక గరిటెడు తీసి అచ్చులో పోసి చిన్న గిన్నె చేసుకుని, అడుగున ఎన్నోసారో ఆ అంకె వేసి, పక్కన చుక్క పెట్టేవాడు. చుక్క ఉందంటే అది మిల్లులోంచి నేరుగా వచ్చిన నమూనా అన్నమాట. మిగతాది ఎండాక నా దగ్గరికొస్తే జల్లించి, మంటలో కాలిపోయే జిగురు కలిపి, ప్రెస్సులోకి పంపడం నా పని. అన్నీ ఒకే ఫర్నేసులో కాలేవి.

కాలాక పరీక్ష చూడాలంటే నాలుకే సాధనం. మూసకు నాలుక కొస ఆనిస్తే, లోపల సందులుంటే బలపం లాగా అతుక్కుంటుంది. బిగుసుకుంటే గాజులా జారుతుంది. ఆ తర్వాత ఎర్ర సిరా చుక్క వేసి తుడిచేవాడు. పదహారు సార్లు కాల్చాం, పదహారు సార్లూ నాలుక అతుక్కుంది, సిరా మరక మిగిలింది. ప్రతిసారీ ఆయన నాలుక వెనక్కి తీసుకునేటప్పుడు మొహంలోకి చూడలేకపోయేదాన్ని.

పదిహేడోసారి మిల్లును అంతకు ముందుకంటే రెండింతల రోజులు తిప్పించాడు. ఈలోగా ఓనరు గారు పిలిచి, ఇదే ఆఖరు, ఈసారి రాకపోతే గది ఖాళీ చేసి ఫ్యూజులు చూసుకో అన్నారు. మావయ్య ఆ రోజు క్యారేజీ మూత తియ్యలేదు. నేను జల్లెడ ముందు కూర్చున్నాను, అవతలి గదిలో అలమరలో మెగ్నీషియా డబ్బా ఉంది. చిటికెడంటే చిటికెడు, ఎవరికి తెలుస్తుందిలే, ఆయన మొహం చూడు అని నా మనసే నాకు చెప్పింది. చదువుకున్నదాన్నయ్యుండీ కలిపేశాను.

ఫర్నేసు తెరిచాక మూసలు వేలితో కొడితే గుడిగంటలా మోగాయి. నాలుక జారింది, సిరా తుడిస్తే పోయింది. మావయ్య ఏడ్చాడు. అందరికీ కాజాలు పంచి, మర్నాడు పిఠాపురం వెళ్ళి కుక్కుటేశ్వరుడికి అభిషేకం చేయించుకొచ్చాడు. ఎప్పుడూ నమూనా గిన్నెను సుత్తితో పగలగొట్టి లోపల చూసుకునేవాడు కాబట్టి అదీ పగిలిందనే అనుకున్నాను. అసలు దాని ఊసే నాకు తట్టలేదు.

రెండు నెలలకు ప్రయోగశాల నుంచి మర్యాదగానే ఉత్తరం వచ్చింది, మూసలు గట్టిగా ఉన్నాయి గానీ వాటిలో మెగ్నీషియం ఉంది, మాకు పనికిరావు అని. ఉత్తరం చదివి చెప్పింది నేనే. ఆ రోజే నిజం చెప్పవలసింది. ఆయన నా మీద అనుమానం అన్నది లేకుండా, అదెలా వచ్చిందో వెతకడం మొదలుపెట్టాడు. నీళ్ళు చూశాడు, జల్లెడ చూశాడు, కుంచెలు చూశాడు. చివరికి ఓ మధ్యాహ్నం చొక్కా విప్పి నా ముందుకొచ్చి, "ఇదేనే అమ్మాయ్, నేనే చేశాను" అన్నాడు. వేసవంతా ఫర్నేసు దగ్గర నిలబడే మనిషి, చెమటకాయలకు వీపుకు పౌడరు రాసుకునేవాడు. ఆ పౌడరులోనూ మెగ్నీషియం ఉంటుందని ఎవరో చెప్పారట. మాకు వద్దన్నది తనే రాసుకొచ్చానని ఆయన సిగ్గుతో చితికిపోయాడు. నేను తల దించుకున్నాను, అంతే.

గది మూసేశారు. మావయ్య ఫ్యూజుల్లోకి వెళ్ళాడు. ఇక అక్కర్లేకపోయినా ఆయన ఆ పౌడరు మళ్ళీ ముట్టలేదు. వేసవిలో వీపంతా పేలిపోయి, రక్తం చిమ్మేలా గోక్కుంటూ, అత్తయ్య రాస్తానన్నా వద్దనేవాడు. అది చూస్తూ ఆ ఇంట్లో ఉండలేక, జంగారెడ్డిగూడెంలో టీచరు ఉద్యోగం వస్తే చాలు భగవంతుడా అని వెళ్ళిపోయాను. కొన్నేళ్ళకు మావయ్య పోయాడు. చివరిసారి చూసినప్పుడు కూడా, పదిహేడోది నా చేజేతులా పాడు చేసుకున్నాను అనే అన్నాడు.

ఇన్నాళ్ళూ నన్ను నేను ఒక మాటతో ఓదార్చుకున్నాను: నేను కలపకపోయినా అది రాదులే, పదహారు సార్లు రానిది అప్పుడొస్తుందా అని. ఇప్పుడు చుక్క ఉన్న గిన్నె నా ఒళ్ళో ఉంది. అది నా జల్లెడ దాకా రానిది, నా చెయ్యి పడనిది. ఇన్నేళ్ళ పసుపు దానికి అంటలేదు. అత్తయ్య అటు తిరిగినప్పుడు నాలుక కొస ఆనించాను. జారిపోయింది.

సాయంత్రం అత్తయ్యకు అంతా చెప్పేశాను. మావయ్య ఆ రోజు సంతోషంలో దాన్ని పగలగొట్ట బుద్ధికాక, నీకోసమేనే అని తెచ్చిచ్చాడని ఆవిడ చెప్పింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "అయితే మీ మావయ్యకి వచ్చిందన్నమాట" అంది. వచ్చింది అత్తయ్యా అన్నాను. "ఆయనకి తెలీదు కదే" అంటూ గిన్నె నా ఒళ్ళోంచి తీసుకుని, మళ్ళీ పసుపు పోసి గూట్లో పెట్టుకుంది. తిరిగి ఇమ్మని నేను అడగలేదు.

ఫ్యాక్టరీ ఉన్నచోట ఇప్పుడు ఫంక్షను హాలు కట్టారు. ఆ తెల్ల ఫ్యూజులు మా పిల్లలు చూసి కూడా ఉండరు, ఇప్పుడు స్విచ్చి పైకెత్తితే కరెంటు వచ్చేస్తుంది. అలాంటి మూసలు ఎక్కడెక్కడి నుంచో దూది పెట్టెల్లో ఇంటికే వస్తున్నాయి, దేనిలో ఏముందో పూట తిరక్కుండా చెప్పే మిషన్లూ వచ్చాయి. ఆ గిన్నెను ఇవాళ పరీక్షకు పంపడం పెద్ద పనేం కాదు. జవాబు వస్తే చదివి చెప్పడానికి నేనున్నాను, వినడానికే మావయ్య లేడు.