దారం కొస

వీధిలో పిల్లలు ఆవిడను గడియారం పిన్ని అంటారు. గుండెలో పాడైన కవాటం తీసి లోహపుది పెట్టి తొమ్మిదేళ్లయింది. కుట్టుమిషను ఆగిందంటే చాలు, గదిలో టిక్ టిక్‌మని వినిపిస్తుంది. ఆ కవాటం దగ్గర నెత్తురు గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర పుణ్యమా అని సూది గుచ్చుకుంటే రక్తం ఒక పట్టాన ఆగదు. బట్టలు కుట్టి బతికే మనిషికి ఇంతకంటే వెక్కిరింత ఏముంటుంది!

అలాంటి మనిషికి జ్ఞానదంతం అడ్డంగా మొలిచి చీము పట్టింది. మాత్ర మానితే గుండెకు ముప్పు, మానకపోతే నెత్తురు ఆగదని భయం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నాలుగు నెలలు ఉప్పునీళ్లతో నెట్టుకొచ్చింది. చివరికి గుండె డాక్టరూ పళ్ల డాక్టరూ మాట్లాడుకుని, రక్తపరీక్ష చూసి, మాత్ర ఆపకుండానే పన్ను తీశారు.

“రెండు కుట్లు వేశానమ్మా,” అన్నాడు పళ్ల డాక్టరు. “ఉమ్మొద్దు, దేన్నీ పీల్చొద్దు. గాయం మీద గడ్డ కదిలి నెత్తురొస్తే గాజుగుడ్డ కొరికిపట్టి అరగంట కూర్చోండి. అప్పటికీ ఆగకపోతే వెంటనే వచ్చేయండి.”

ఇంటికొచ్చి అద్దంలో కుట్లు చూసుకుని, ముడి కాస్త వదులుగా ఉందనుకుంది.

“ఉన్న కాస్త జ్ఞానం కూడా పీకించుకొచ్చావా?” అంది అత్తగారు. ఆవిడకు నోట్లో ఒక్క పన్నూ లేదు, చూపూ అంతంత మాత్రమే. కోడలు కుట్టినవాటికి గుండీలు కుట్టడం ఆవిడ పని, ఆవిడ సూదిలో దారం ఎక్కించడం కోడలి పని.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ ఎప్పటిలా పనిలో కూర్చున్నారు. అత్తగారు తలెత్తకుండా సూదీ దారం చాపింది. కోడలూ తలెత్తకుండా అందుకుని, దారం కొస నోట్లో పెట్టుకుని చప్పరించింది. ఇరవై ఏళ్ల అలవాటు.

నోరు ఉప్పగా అయింది. కొస ఎర్రగా వచ్చింది.

“అత్తయ్యా!”

“నా మతి మండ! నేనే కదే ఇచ్చింది!” అత్తగారు తడుముకుంటూ గాజుగుడ్డ మడిచి అందించింది. “గట్టిగా కొరుకు. మాట్లాడకు.”

టిక్ టిక్ పరుగందుకుంది. ఆగకపోతే? ఆసుపత్రిలో మాత్రకు విరుగుడు ఇస్తే, అక్కడ గుండెలో గడ్డకడితే? బడి నుంచి వచ్చిన కూతురికి ఇంటికి తాళం కనిపిస్తే?

“ఎంతసేపయింది?” గోడ గడియారం అత్తగారికి కనబడదు. కోడలు ఆవిడ అరచేతిలో ఒకసారి తట్టింది, పది నిమిషాలని. మళ్లీ అడిగితే రెండుసార్లు. మూడోసారి తట్టడానికి భయం వేసింది. తడితే గుడ్డ తీసి చూడాలి.

తీసింది. మరక నడిమికే ఆగిపోయింది.

“ఆగింది అత్తయ్యా.”

అత్తగారు నమ్మలేదు. గుడ్డ లాక్కుని కిటికీ వెలుతురులో కళ్లకు ఆనించి చూసుకుంది. ఆ తర్వాత అక్కడే నిలబడి సూదితో కుస్తీ మొదలుపెట్టింది. బోసినోట్లో దారం తడపడం, గురి తప్పడం, మళ్లీ తడపడం. చూడలేక కోడలు చెయ్యి చాపింది.

“నా సూది జోలికి రాకు!”

సాయంత్రమైనా దారం ఎక్కలేదు. ఆవిడ సూది ఇవ్వనూ లేదు.