దానియేలు ఎడమ చెయ్యి

2022 జూన్. బాన్సువాడలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి ఆరేళ్లు. ఒకరోజు బిచ్కుంద నుంచి మార్తక్క తన తమ్ముడు దానియేలును పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. ఆయనకు యాభై రెండేళ్లు. నెల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. మాట ముద్దగా వస్తోంది.

"గిటార్ వాయిస్తుండె, పాటలు రాస్తుండె," అంది మార్తక్క. "హైదరాబాద్ల ప్రోగ్రాం ఒప్పుకున్నడు. గింతల గిట్లయింది."

ఆయన కథ నాకు మెల్లగా తెలిసింది. పెద్ద కొడప్‌గల్ దగ్గర చెరకు కోసే కూలీల బిడ్డ. చర్చిలో గిటార్ నేర్చుకున్నాడు. హైదరాబాద్ వెళ్లి, నలుగురితో బ్యాండ్ కట్టి, మన యాసలోనే రాక్ పాటలు పాడాడు. మద్నూర్ రోడ్డు మీది లారీ డ్రైవర్లు, కోతల కాలంలో ఇల్లు వదిలిపోయే ఆడవాళ్లు, అవీ ఆయన పాటలు. రెండు ఆల్బమ్‌లు తెస్తే దుకాణాల్లో ఎవరూ అడగలేదు. సినిమావాళ్లు పిలిచి యాస మార్చమంటే లేచి వచ్చేశాడు. కానీ హాస్టళ్లలో పిల్లలు ఆ పాటలను ఒకరి దగ్గర ఒకరు కాపీ చేసుకున్నారు. బ్యాండ్ విడిపోయాక ఆయన అక్క దగ్గరికి వచ్చి స్కూల్లో సంగీతం చెప్పుకుంటున్నాడు. పెద్దవాళ్లయిన ఆ హాస్టల్ పిల్లలే ఇన్నేళ్లకు వెతుక్కుంటూ వచ్చి మళ్లీ పాడమన్నారు.

మా పనిలో రెండు మాటలున్నాయి. గ్రాస్ గ్రిప్ అంటే పిడికిలి బిగించి పట్టుకోవడం. ఫైన్ మోటార్ అంటే ఒక్కో వేలినీ విడిగా కదపడం. పక్షవాతంలో సాధారణంగా మొదటిది ముందు వస్తుంది, రెండోది ఆలస్యమవుతుంది, కొందరికి రానే రాదు. గిటార్ తీగలు నొక్కడానికి రెండోదే కావాలి. దానియేలన్న వారానికి మూడు రోజులు బస్సులో వచ్చి, గింజలు ఏరడం, బట్టలక్లిప్పులు నొక్కడం, చెప్పినవన్నీ చేశాడు. డిసెంబరుకు భుజం లేచింది, పిడికిలి వచ్చింది. వేళ్లు మాత్రం అన్నీ కలిసే ముడుచుకునేవి.

"నిజం చెప్పున్రి మేడమ్. గీ వేళ్లు వస్తయా, రావా?"

"రావని చెప్పలేను అన్నా. వస్తయని మాట ఇయ్యలేను."

తలూపి వెళ్లిపోయాడు. రెండు వారాలు రాలేదు. ఒక రోగిని పోగొట్టుకున్నాననే అనుకున్నాను.

మూడో వారం గిటార్‌తో వచ్చాడు. దాన్ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టాడు. ఏ తీగా నొక్కకుండానే అన్నీ కలిసి శ్రుతిగా పలికేలా తీగలను మార్చి బిగించాడు. లారీ మెకానిక్ దగ్గర తెచ్చిన చిన్న ఉక్కు గొట్టాన్ని ఎడమ పిడికిట్లో పట్టుకుని, కుడి చేత్తో మీటుతూ తీగల మీద జరిపాడు. స్వరం వణికింది, కానీ పలికింది.

"వేళ్ల ఫికర్ ఇడిసిపెట్టున్రి," అన్నాడు. "పిడికిలి ఉన్నది. గొట్టం ఆగినకాడనే స్వరం. ఇగ భుజం నేను చెప్పినకాడ ఆగాలె. గది నేర్పున్రి."

నాకు సిగ్గేసింది. ఆరు నెలలు నేను పోయిన వేళ్ల వెంటే పడ్డాను. ఆయన ఉన్న చేతితో ఏం చేయొచ్చో వెతికాడు.

ఆ రోజే బల్ల మీద వరసగా టేప్ ముక్కలు అంటించాను. మోచెయ్యి జరపాలి, గుర్తు దగ్గర ఆగాలి, పది లెక్కపెట్టేదాకా వణకకూడదు. నాలుగు నెలలు అదే పని. విసుగొచ్చి నేను చాలంటే, "ఇంకొక్కపారి," అనేవాడు.

వాయిదా పడ్డ ఆ కార్యక్రమం వేసవిలో హైదరాబాద్‌లో జరిగింది. మార్తక్కతో నేనూ వెళ్లాను. కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. ముద్దమాట పూర్తిగా పోలేదు, దానితోనే పాడాడు. అన్నీ కొత్త పాటలే. ఎవరో పాత లారీ పాట కావాలని అరిచారు. ఆయన మైకు దగ్గరికి వంగాడు.

"గా పాట గా చేతిది. గీ చేతికి గీ పాటలు."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. పక్కన మార్తక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఏ కదలిక పోయిందో వెతకమని చదువు నాకు నేర్పింది. ఆ కదలిక ఏ పనికి కావాలో ముందు అడగాలని దానియేలన్న నేర్పాడు. మొన్న కాలు పడిపోయిన ఒక రైతును అదే అడిగాను. "ట్రాక్టర్ ఎక్కాలె," అన్నాడు. మరునాడు ట్రాక్టర్ మెట్టంత ఎత్తున్న బల్ల చేయించాను.