రూల్స్ రాగ్

జబెజ్ రాగ్‌కి తుమ్మొస్తే వెంటనే తుమ్మేవాడు కాదు. తుమ్మడానికో రూలుందా అని ఆలోచించేవాడు. లేకపోతే జేబులోంచి కాగితం తీసి, రూలు రాసుకుని, అప్పుడు తీరిగ్గా తుమ్మేవాడు. నేను కోతలు కోస్తున్నానని మీకనిపిస్తే, మీరు రాగ్‌తో ఎప్పుడూ ఫుట్‌బాల్ ఆడలేదన్నమాట.

షెఫీల్డులో మేం క్లబ్బు పెట్టిన కొత్తలో బంతి ఉండేది, మైదానం ఉండేది, రూల్స్ మాత్రం ఎవడి గొంతు పెద్దదైతే వాడివి. పోటీకి ఇంకో క్లబ్బు లేక మాలో మేమే ఆడుకునేవాళ్ళం. పెళ్ళయినవాళ్ళు ఒక పక్షం, కానివాళ్ళు ఒక పక్షం. రాగ్ వకీలు దగ్గర గుమాస్తా, మా క్లబ్బుకి కార్యదర్శి. నాది అచ్చాఫీసు. అతను రాసిన ప్రతి రూలూ నా చేతుల మీదుగానే అచ్చయ్యేది. నా ఖర్మ!

నాకు పెళ్ళి కుదిరిన వారం ఆట మొదలవబోతుంటే రాగ్ చెయ్యెత్తాడు.

"ఆగండాగండి! ఇతను ఏ పక్షం?"

"పెళ్ళి కాలేదుగా. కానివాళ్ళ పక్షం," అన్నాను.

"అమ్మాయికి మాటిచ్చావా?"

"ఇచ్చాను."

"అయితే సగం అయినట్టే. దీనికో రూలు రాయాలి!"

వానలో ఇరవైమందిమి నిలబడి తడుస్తుంటే, టోపీ కింద కాగితం పెట్టుకుని రాశాడు. పెళ్ళి కుదిరినవాడు మొదటి సగం కానివాళ్ళతో, రెండో సగం అయినవాళ్ళతో ఆడాలట. మొదటి సగంలో ఒక గోల్ కొట్టాను, రెండో సగంలో దాన్ని నేనే సమం చేశాను. రెండు పక్షాలూ కలిసి నన్ను తిట్టాయి. ఇంటికెళితే "సగమేమిటి, సగం?" అని పెళ్ళికూతురు తిట్టింది.

అయితే కొన్ని పనికొచ్చేవీ రాశాడు. అబద్ధమెందుకు? అప్పట్లో బంతి గోడ దాటితే, ముందు ఎవడు ముట్టుకుంటే వాడిదే. గోడ అవతల వాగు. బంతి వెనకాల పదిమందీ వాగులో దూకి, అక్కడ ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకునేవాళ్ళు. ఆట మైదానంలో కంటే నీళ్ళలోనే ఎక్కువ నడిచేది. రాగ్ రాశాడు: బంతిని బయటికి తన్నింది ఒక జట్టయితే, లోపలికి విసిరేది రెండో జట్టు. అంతే, వాగు ఖాళీ. "ఆటలో మజా పోయింది" అని ఆర్నెల్లు ఏడ్చాం. జలుబులు తగ్గిన సంగతి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

మా జట్టుకి ప్రాణం ఆమోస్ క్రూక్స్. కత్తులకి సాన పట్టేవాడు. రోజంతా చెక్క గుర్రంలాంటి పీట మీద కాళ్ళు అటూ ఇటూ వేసి, సాన చక్రం మీదికి వంగి పనిచెయ్యాలి. శనివారం మధ్యాహ్నం మైదానంలోకి వచ్చాడంటే మాత్రం అతన్ని పట్టుకోవడం ఎవరితరమూ కాదు. అందుకే అందరూ అతని ముంగాలి మీద, అంటే మోకాలి కింది ఎముక మీద, తన్నేవాళ్ళు. ఒకనాడు ఆట అయ్యాక మేజోడు దించితే, ఎడమకాలు సొరకాయలా వాచి ఉంది. అతని భార్య హానా నావైపూ రాగ్ వైపూ తిరిగి కడిగేసింది.

"చూస్తున్నారుగా! ఇది విరిగితే మూడు నెలలు చక్రం దగ్గర కూర్చోలేడు. నేనూ నా ముగ్గురు పిల్లలూ మీ బంతి కొరుక్కు తినాలా? ఇంకొక్కసారి కుంటుతూ వచ్చాడా, ఆ బూట్లు పొయ్యిలో పెడతా. ఇక ఆటా లేదు, పాటా లేదు!"

"ఊరుకోవే! చీమ కుట్టింది," అన్నాడు ఆమోస్. మాతో అన్నాడు: "నా మీద జాలిపడి ఎవడైనా మెల్లగా ఆడాడో, పళ్ళు రాలగొడతా."

రాగ్ మాత్రం కాగితం తీయలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

సరిగ్గా ఆ వారమే లండను నుంచి ఒక పెద్దమనుషుల జట్టు ఉత్తరం రాసింది. మీతో ఆడతాం గానీ, ముంగాలి మీద తన్నే హక్కు ఉండితీరాలి, అది మగతనానికి గుర్తు అని. కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు బ్యాగ్‌షా గారికి చెంచాల ఫ్యాక్టరీ ఉంది. ఆయన బల్ల గుద్దారు.

"తన్నులు తింటేనే మగాడు! ఒప్పుకుందాం!"

"తమరెప్పుడు తిన్నారండీ?" అన్నాను.

"నేను అధ్యక్షుణ్ణయ్యా!"

అప్పుడు రాగ్ లేచాడు. "తన్నకూడదని రూలు రాయాలి."

"ఎందుకటా?"

రాగ్ ఒకసారి గొంతు సవరించుకున్నాడు. "నాకు భయం. నా కాళ్ళు సున్నితం. తన్నులుంటే నేను ఆడను, ఉత్తరాలూ రాయను."

గది గదంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆమోసయితే కళ్ళు తుడుచుకుంటూ, "పాపం, పోనీండి! రాగ్ గారి కాళ్ళ కోసం మేమే సర్దుకుంటాం," అని అందరికంటే ముందు చెయ్యెత్తాడు. ఉత్తరాలు తను రాయాల్సొస్తుందని హడలి బ్యాగ్‌షా గారూ ఎత్తారు. రూలు నెగ్గింది. లండనువాళ్ళు కూడా "మీ పిరికివాడి కోసం ఈసారికి ఒప్పుకున్నాం" అని జవాబు రాశారు. ఊళ్ళో రాగ్ పేరు పిరికి రాగ్ అయిపోయింది.

మర్నాడు ఆ రూలు అచ్చుకి తెచ్చాడు. శుభ్రంగా తిరగరాసే తీరిక లేక చిత్తుకాగితమే ఇచ్చాడు. నేను అక్షరాలు పేర్చడానికి కూర్చుని కాగితం దీపం దగ్గర పెట్టాను. 'ఏ ఆటగాడి కాలి మీదా ఎవరూ తన్నరాదు' అని ఉంది. 'ఏ ఆటగాడి' అన్నది పైన ఇరికించి రాశాడు. దాని కింద కొట్టేసిన మాటలు చదివాను: 'ఆమోస్ క్రూక్స్ ఎడమ'.

నాకు సిగ్గేసింది. అంత పగలబడి నవ్వినందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

"ఏమోయ్, నిజం చెప్పొచ్చుగా! నీకు భయమని అబద్ధమెందుకు?"

"అబద్ధమేముంది? అతని కోసమని తెలిస్తే నా పళ్ళు రాలగొడతాడు. భయం కాదూ?" అని, "కాలు అనే వెయ్యి. ముంగాలి అని వేస్తే తొడ మీద తన్నొచ్చంటారు," అన్నాడు.

లండను జట్టు వచ్చింది. ఊరంతా తరలివచ్చింది. ఆట మొదలైంది గానీ, మా ఆమోస్ బంతి వెనకాల పరిగెత్తడే! చేతులు చాచుకుని రాగ్ ముందు గోడలా నిలబడ్డాడు.

"ముందుకు వెళ్ళరా బాబూ!" అని అరిచాను.

"ఎలా వెళ్ళను? ఈయన అసలే భయస్థుడు. ఎవడైనా రూలు మరిచి తంతే? రాగ్ గారూ, మీరు నా వెనకాలే ఉండండి, కదలకండి!"

రాగ్ ఎటు వెళితే ఆమోస్ అటు. మా జట్టులో మొనగాడు మా జట్టులో ఎందుకూ కొరగానివాడికి కాపలా కాస్తుంటే, లండనువాళ్ళు తాపీగా రెండు గోల్స్ కొట్టి వెళ్ళారు. బ్యాగ్‌షా గారు టోపీ నేలకేసి కొట్టారు. హానా మాత్రం, రెండు కాళ్ళ మీదా తిన్నగా నడిచొస్తున్న మొగుణ్ణి చూసి, ఓడిపోయిన జట్టుకి చప్పట్లు కొట్టింది.