నాలుగో ఆదివారం నా వంతు

మా చర్చిలో ఆదివారం వాక్యం చదివేవాళ్ళ జాబితాలోంచి నా పేరు తీసేశారు. నాకు ఒక్క మాట చెప్పకుండా తీసేశారు. ఇరవై ఏళ్ళకు పైగా నెలలో నాలుగో ఆదివారం నాది. చెవులు రెండూ పోయాక కూడా నాదే. చెవులకు మిషన్లు పెట్టించుకుని మళ్ళీ వినడం మొదలుపెట్టాక పోయింది. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. నవ్వాల్సిన సంగతి కాదు కనుక రాస్తున్నాను.

నేను బడి మెట్టెక్కినవాణ్ణి కాను. హార్బరులో ఓడల మరమ్మతు చేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర చిప్పింగు పని చేసేవాణ్ణి. చిప్పింగంటే ఓడకు పట్టిన తుప్పును సుత్తితో కొట్టి రాల్చడం. బయటి పక్క కొడితే ఫరవాలేదు, ఆ మోత సముద్రం మీదికి పోతుంది. ఓడ అడుగున నీళ్ళ ట్యాంకులుంటాయి. మనిషి కష్టం మీద దూరేంత కంత. అందులోకి ఎనిమిది మంది దిగి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎనిమిది సుత్తులతో కొడితే ఆ మోత ఎక్కడికీ పోదు. ఇనుముకు తగిలి మళ్ళీ మన మీదికే వస్తుంది. చెవుల్లో కాటన్ వేస్టు కుక్కుకునేవాళ్ళం. అదైనా కాంట్రాక్టరు ఇచ్చింది కాదు, ఇంజన్లు తుడిచే మూటలోంచి మేము లాక్కున్నది. మాటలు లేవు, అన్నీ చేతి సైగలే. ఇంటికొచ్చి అరిచి మాట్లాడేవాళ్ళం. మా వీధిలో అందరూ హార్బరు పనివాళ్ళే కనుక ఆ అరుపులు ఎవరికీ వింతగా అనిపించేవి కావు.

చదువు కూడా అక్కడే నేర్చుకున్నాను. ఏ పలక మీద తుప్పు రాల్చాలో మేస్త్రి సుద్దముక్కతో గుర్తు పెట్టి పోయేవాడు. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకునే వేళ ఆ సుద్దముక్కతో నేను ఇనుము మీద అక్షరాలు దిద్దేవాణ్ణి. బస్సుల బోర్డులు చూసి, గోడల మీద రాతలు చూసి, చర్చిలో పక్కవాడి పాటల పుస్తకంలోకి తొంగి చూసి ఒక్కొక్కటే పట్టుకున్నాను. మధ్యాహ్నం రాసిన అక్షరాన్ని సాయంత్రానికి నా సుత్తితో నేనే రాల్చేసేవాణ్ణి. గుణింతాలు పూర్తయ్యేసరికి మూడు ఓడలు వచ్చి వెళ్ళాయి.

ఒక ఆదివారం వాక్యం చదవాల్సిన మాస్టారు జ్వరం వచ్చి రాలేదు. అప్పటి పాస్టరు అయ్యగారు చుట్టూ చూసి, "ఎవరైనా చదువుతారా?" అన్నారు. లేచాను. చిప్పింగు వాడు లేచాడేమిటని బెంచీలన్నీ వెనక్కి తిరిగాయి. చదివాను. ఎక్కడా తడుముకోలేదు. ఆ తరువాత నాలుగో ఆదివారం నాదయింది. నోరు తిరగని పూర్వకాలపు పేర్లు బారులు తీరిన అధ్యాయాలుంటాయి. కాలేజీ చదువులవాళ్ళు కూడా వాటి దగ్గర తడబడతారు. అవి వస్తే నాలుగో ఆదివారానికి జరిపేవారు. ఒక్క పేరు కూడా మింగేవాణ్ణి కాను. ఆ పేర్లలో సగం నాకిప్పటికీ వరసన వచ్చు.

తొంభైల నడుమ పని మానేశాను. అప్పటికే వినికిడి పూర్తిగా అడుగంటింది. వినబడనివాడికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. నేను లేవగానే మైకు ఆపేసేవారు. "మావయ్యకి మైకెందుకు, పక్కూరు సర్చి కూడా ఇంటాది" అని నవ్వుకునేవారట. మా ఆవిడ చెప్పేది. నేను కష్టపెట్టుకోలేదు. మా ఇద్దరికీ ఒక ఏర్పాటు ఉండేది. ఆడవాళ్ళ వైపు మూడో బెంచీ చివర ఆమె కూర్చునేది. నా గొంతు మరీ పెరిగితే చెయ్యెత్తి చెవి కమ్మ సర్దుకునేది. అది చూసి తగ్గించేవాణ్ణి. ఎన్నో ఏళ్ళు అలా ఆమె చేతిని చూసి చదివాను. పెంచమనడానికి మాకు సైగ లేదు. ఎప్పుడూ అవసరం రాలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక నాలుగో ఆదివారం నేను చదువుతుంటే ముందు బెంచీలో పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చిందట. తల్లి ఎత్తుకుని బయటికి పోయిందట. నేను ఆపకుండా చదువుతూనే ఉన్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ చెప్పింది. "ఆ గుంట బెదిరిపోయిందయ్యా. నాను కమ్మ పీకినంత పని సేసాను. నువ్వు సూడనేదు."

ఆ మాటకు సిగ్గేసింది. వాక్యం విని బిడ్డ జడుసుకోవడమేమిటి! అప్పటిదాకా మా పిల్లలు ఎంత చెప్పినా వినని నేను, రెండు వారాలు తిరిగేసరికి ద్వారకా నగర్ వెళ్ళి మిషన్లు పెట్టించుకున్నాను. మంచి గొంతుతో చదవాలని. అంతకు మించి నాకు వినాలని ఉన్నదేమీ లేదు.

మిషన్లు అమర్చిన అమ్మాయి ఓపిక కలది. "తాతగారూ, మొదట్లో రోజుకు గంటో రెండు గంటలో పెట్టుకోండి. ఇంట్లోనే ఉండండి. జనంలోకి మెల్లగా వెళ్ళండి. మీ గొంతు మీకే చాలా పెద్దగా వినిపిస్తుంది, భయపడకండి. చెమట తగలనివ్వకండి" అంది. చెమట తగలకుండా విశాఖపట్నంలో బతికే ఉపాయం మాత్రం చెప్పలేదు.

షాపు మెట్లు దిగానో లేదో రోడ్డంతా నా తలలోకి దూరింది. హారన్లు సరే. నా చెప్పుల చప్పుడు, చొక్కా జేబులో కాగితం నలిగిన చప్పుడు, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర బస్సెక్కితే కండక్టరు టిక్కెట్టు చింపిన చప్పుడు, అన్నీ ఒకే కొలత. ఏది దగ్గరో ఏది దూరమో తెలియలేదు. ట్యాంకులో మోతకు కనీసం ఒక తీరు ఉండేది. తువ్వాలు తలకు చుట్టుకుంటే మిషను కూత పెట్టింది. పక్క సీటాయన లేచి సెల్‌ఫోను కోసం తన జేబులు తడుముకున్నాడు.

ఇంట్లో ఇంకో చిక్కు. మా ఆవిడ అన్నేళ్ళు నాతో అరిచి అరిచి, మెల్లగా మాట్లాడటం మరిచిపోయింది. "అన్నం పెట్టీమంటావా?" అని వంటింట్లోంచి కేకేస్తే పుర్రె అదిరేది.

"అరవకే! ఇనబడతంది."

"నానెక్కడ అరిసాను? మామూలుగానే అన్నాను కదేటి!"

ఇంకొకటి కూడా బయటపడింది. ఆమె పని చేసుకుంటూ తనలో తాను మాట్లాడుకుంటుంది. సగం నా మీదే. చేపలు తోముతూ, "సెప్తే ఇనడు, ఇననోడితో నా బతుకంతా ఐపోనాది" అంటుంటే, వెనక నిలబడి, "ఎవడే ఇననోడు?" అన్నాను. కత్తిపీట మీంచి ఎగిరిపడింది. రెండో రోజుకు విసిగిపోయింది.

"ఓలయ్యో, అవి కాసేపు తీసీ పెట్టీయ్. నాను కొంచెం మాటాడుకోవాల."

తీసి డబ్బాలో పెట్టాను. న్యాయమే అనిపించింది.

నాలుగో ఆదివారానికి పన్నెండు రోజులే ఉంది. గంట సరిపోదని పొద్దంతా పెట్టుకుని తిరిగాను. తల నొప్పెట్టేది, రాత్రికి వాంతి వచ్చినట్టుండేది. ఆ అమ్మాయి జనంలోకి మెల్లగా వెళ్ళమన్న మాట గుర్తుంది. కానీ నా వంతు వదులుకోవడానికి మనసు ఒప్పుకోలేదు. ఒక్క నెల మానేసి ఉంటే ఏమయ్యేదని ఇప్పుడు అందరూ అడుగుతారు. ఇరవై ఏళ్ళలో ఒక్క నెల మానలేదు, అప్పుడెందుకు మానతాను?

ఆ ఆదివారం చర్చిలో డప్పూ తాళాలూ మొదలవగానే పళ్ళు బిగించుకున్నాను. ఫ్యాన్లు సముద్రంలా హోరెత్తాయి. నా పేరు పిలిచారు. పిలవడం నా చెవులతో విన్నాను! ఎన్నో ఏళ్ళుగా పక్కవాడు మోచేత్తో పొడిస్తే లేచేవాణ్ణి. వెళ్ళి నిలబడ్డాను. అలవాటు ప్రకారం మైకు ఆపేశారు.

నోరు తెరవగానే ఒక గొంతు నా తల నిండా మోగింది. కొంచెం జీరగా, ముసలిగా, నాకు పరిచయం లేని గొంతు. నేను గుర్తుపెట్టుకున్న నా గొంతు నలభై ఏళ్ళవాడిది. అరుస్తున్నానని భయపడి తగ్గించాను. ఇంకా పెద్దగానే ఉంది. ఇంకా తగ్గించాను. అప్పుడు సరిగా, నిదానంగా, ఒక్కో మాట విడిగా వినబడింది. చెబితే నమ్మరు, నా జన్మలో అంత బాగా చదవలేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాను.

మధ్యలో మూడో బెంచీ వైపు చూశాను. మా ఆవిడ చెయ్యి చెవి దగ్గర ఉంది. కమ్మ సర్దుకుంటోందనుకున్నాను. అంటే ఇంకా పెద్దగా ఉందన్నమాట. ఇంకా తగ్గించాను. ఆమె చెయ్యి దించలేదు. మెడ కూడా ముందుకు చాచింది. నేను పెదాలు మాత్రం కదిలించేదాకా తగ్గించి, చివరి మాట దాకా చదివి, పుస్తకం మూశాను. ఆమెన్ అనేవాడు లేడు. అయిందని ఎవరికీ తెలియలేదు. కాసేపటికి పాస్టరు అయ్యగారు లేచి వచ్చి నా భుజం పట్టుకుని కూర్చోబెట్టారు. ఒంట్లో బాగాలేదనుకున్నారట.

దారిలో మా ఆవిడ నడుస్తూ ఏడ్చింది.

"సెవి దగ్గర సెయ్యెట్టి ఇనబడట్నేదు, ఇనబడట్నేదు అని సైగ సేత్తంటే, నువ్వేటి ఇంకా గొంతు మింగీసావ్?"

"కమ్మ సర్దుతన్నావనుకున్నాను."

"కమ్మలు ఏసుకోనేదయ్యా ఇయ్యాల!"

నిజమే. అంత దూరం నుంచి కమ్మ ఉందో లేదో నేనెక్కడ చూస్తాను, చెయ్యే కదా చూసేది.

రెండు వారాల తరువాత చర్చి గుమ్మం పక్కన కొత్త జాబితా అంటించారు. నాలుగో ఆదివారం ఎదురుగా వేరే పేరు ఉంది. కమిటీ సెక్రటరీ నన్ను మావయ్యా అని పిలిచే మనిషి, ఏదో బ్యాంకులో పని. బయట చెప్పులు తొడుక్కుంటుంటే పట్టుకున్నాను. నన్ను చూడగానే నా చెవి దగ్గర నోరు పెట్టి, "నీకు రెస్టు ఇచ్చాం మావయ్యా!" అని అరిచాడు.

"అరవకు. ఇనబడతంది."

"ఇనబడితే మరింకేటి కావాల నీకు?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. నేను అడగాల్సింది అడిగాను. నేనేం తప్పు చదివాను? ఒక మాట ఎగరగొట్టానా? ఒక పేరు తప్పు పలికానా?

"తప్పు ఎవలన్నారు? అసలు ఇనబడితే కదా తప్పో ఒప్పో తెలిసేది" అని స్కూటరు తీశాడు.

చిప్పింగులో నాతో సుత్తి పట్టిన వియ్యంకుడు ఒకాయన ఉన్నాడు, నాకంటే చెవుడు. మిషన్లు పెట్టుకోనని భీష్మించుకున్నవాడు. ఆయన వచ్చి, ట్యాంకులో లాగే సైగలతో అడిగి సంగతంతా తెలుసుకున్నాడు. చివరికి నోరు తెరిచి, "సెవుడున్నన్నాళ్ళు నీ జోలికి ఎవలూ రానేదు బావా. నిన్నెవలు బాగుసేసుకోమన్నారు?" అని వీధంతా వినబడేలా అన్నాడు.

అయినా కూర్చోలేదు. మా ఆవిడా నేనూ కొత్త సైగలు పెట్టుకున్నాం. అరచెయ్యి పైకెత్తితే పెంచాలి, కిందికి దించితే తగ్గించాలి. సాయంత్రాలు నేను అరుగు మీద నిలబడి చదివేవాణ్ణి, ఆమె వీధి చివర కుళాయి దగ్గర నిలబడి చెయ్యి ఆడించేది. బిందెలు పట్టుకోవడానికి వచ్చినవాళ్ళు, "ఏటమ్మా, బస్సు ఆపుతన్నావా?" అని ఆటపట్టించేవారు. పట్టించుకోలేదు. నెల తిరిగేసరికి, నా తలలో ఎంత మోగితే కుళాయి దగ్గర సరిగా వినబడుతుందో నాకు పట్టు దొరికింది. నాకు నేను అరుస్తున్నట్టుంటేనే బయటికి సరిపోతుంది. అలా చదవడం బాధే. ఆ బాధకు అలవాటు పడ్డాను. "ఇనబడతంది! బాగుంది!" అని మా ఆవిడ అక్కణ్ణుంచి కేక వేసిన రోజు లోపలికెళ్ళి కమిటీకి ఉత్తరం రాశాను. మిషన్ల సంగతి, సైగ పొరపాటు సంగతి, కుళాయి సంగతి అన్నీ వివరంగా రాశాను. ఒకే ఒక్క ఆదివారం ఇవ్వండి, మైకు ఆపకండి, వినబడకపోతే నేనే తప్పుకుంటాను అని రాశాను.

జవాబు రాలేదు. మరొకటి రాశాను. పాస్టరు అయ్యగారిని కలిస్తే, "కమిటీ విషయం కదండీ" అన్నారు. ఆయన మెల్లగా అన్నారు, అయినా విన్నాను. మూడోది రాశాను. నాలుగోది నా చేత్తోనే తీసుకెళ్ళి సెక్రటరీ చేతికిచ్చాను. ఆ సంవత్సరమంతా ప్రతి నాలుగో ఆదివారం చదవాల్సిన భాగాన్ని ఇంట్లో చూసుకుని సిద్ధంగానే వెళ్ళాను, ఎవరైనా రాకపోతే లేవచ్చని. నా బదులు చదివే కుర్రవాడు ఒక్క ఆదివారం కూడా మానలేదు. పేర్లున్న అధ్యాయం వచ్చినప్పుడు సగం పేర్లు దాటేసి చదివాడు. ఆ దాటెయ్యడం చర్చిలో విన్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. అందరూ ఆమెన్ అన్నారు.

మరుసటి ఏడు వానలు మొదలయ్యాక, చర్చి ముద్ర వేసిన కవరులో జవాబు వచ్చింది. ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ దించుతున్నాను:

"పెద్దలైన సహోదరునికి వందనములు. తమరు వ్రాసిన నాలుగు ఉత్తరములు కమిటీ ముందు ఉంచడమైనది. వాక్యము చదువు పనిని ఇకమీదట యవ్వనస్థులకే అప్పగించవలెనని తీర్మానించినందున తమ కోరికను అంగీకరించలేకపోవుచున్నాము. ఇన్ని సంవత్సరముల తరువాత తమకు వినికిడి వచ్చినందుకు సంఘమంతయు దేవుని స్తుతించుచున్నది. ఇకనుండి తమరు హాయిగా కూర్చుండి వినవచ్చును."