మనోళ్ళ చెయ్యి

మా ఇంటికి ఎదురుగానే అంగన్‌వాడీ. కమలాపురం దగ్గర నాపరాయి గనుల ఊరు మాది. ఇక్కడ మగవాళ్ళకు గనిలోనూ సమ్మెటే, ఇంట్లోనూ సమ్మెటే. అలాంటి చోట మూడు నాలుగేళ్ళ పిల్లలను కూర్చోబెట్టి షాహనా టీచర్ ఒక పాఠం మొదలుపెట్టింది.

"మీ ఒళ్ళు మీది. మీకు ఇష్టం లేకుండా ఎవరన్నా పట్టుకుంటే ఏమనల్ల?"

"వద్దూ!" అని పిల్లలు రేకుల కప్పు లేచిపోయేలా అరిచేవాళ్ళు.

మొదట ఊరంతా నవ్వింది. బుగ్గ గిల్లబోయిన గిడ్డయ్య తాత వేలిని ఒక బుడ్డోడు కొరికాక నవ్వులు ఆగిపోయాయి. "పిల్లోళ్ళకు పొగరు నేర్పిస్తాండాది" అని టీ అంగడి దగ్గర తీర్పు చెప్పేశారు. షాహనా లెక్కచేయలేదు. కొట్టే మొగుణ్ణి వదిలేసి వచ్చి, ఈ ఉద్యోగంతో తల్లిని సాకుతున్న మనిషి ఆమె. ఆ మొగుడి దెబ్బకు ఎడమ చెవి నేటికీ సరిగా వినపడదు. ఆమె కాకపోతే ఈ పాఠం ఇంకెవరు చెబుతారు?

కానీ ఇళ్ళవాళ్ళు గొడవకు వస్తారని భయపడి పాఠానికి ఒక తోక తగిలించింది. "అమ్మ, నాయన, అవ్వ మనోళ్ళు. వాళ్ళకు వద్దనగూడదు."

అంగన్‌వాడీకొచ్చే శివలీల తల్లి కువైట్‌కు పాచిపనికి పోయింది. అప్పటినుంచి ఆ నాలుగేళ్ళ పిల్ల పక్క తడపడం మొదలుపెట్టింది. పక్క తడిపే పిల్లలకు వాత పెడితే మానేస్తారని మా వైపు నమ్మకం. నా పిక్క మీదా ఒకటుంది. దానితో నేను మానింది ఏమీ లేదు, మా అమ్మ దగ్గర పడుకోవడం తప్ప.

ఒకరోజు శివలీల కుంటుతూ వచ్చింది. పిక్క మీద గరిటె అచ్చు పడి, బొబ్బ చితికి నీరు కారుతోంది.

"వద్దని అరిసినావా తల్లీ?" అని అడిగింది షాహనా.

"లేదు టీచర్. అవ్వ మనోళ్ళు గదా. నువ్వే చెప్పినావు."

షాహనా పిల్లను ఆసుపత్రికి తీసుకుపోయి కట్టు కట్టించి, సాయంత్రం తానే వాళ్ళింటికి ఎత్తుకుపోయింది. నాకెందుకో మనసు ఆగక వెనకే వెళ్ళాను.

"ఇంకోసారి వాత పెడితే పోలీసులను పిలుస్తా" అంది గుమ్మంలో నిలబడి.

పొయ్యి దగ్గరున్న అవ్వ నాగరత్నమ్మ చివ్వున లేచింది. "నా మనవరాలు, నా ఇష్టం. రెండో కాలికి ఇప్పుడే పెడతా, ఏం చేస్తావో చేసుకో!" అంటూ ఇనప గరిటెను నిప్పుల్లోకి తోసింది.

పిల్ల తండ్రి సుంకన్న తాగి ఉన్నాడు. "నా ఇంటికొచ్చి మాయమ్మకు బుద్ధి చెప్తావా?" అంటూ షాహనా జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. నాపరాయి గోడ. నుదురు పగిలి రక్తం కళ్ళలోకి కారింది. కిందపడిన మనిషిని డొక్కలో తన్నాడు. ఈలోగా ముసలామె ఎర్రగా కాలిన గరిటెతో పిల్ల కాలు దొరకబుచ్చుకుంది. షాహనా పాకుతూ పోయి తన చెయ్యి అడ్డం పెట్టింది. సుయ్‌మంది. ఇల్లంతా కాలిన చర్మం వాసన.

వాకిట్లో రోకలి ఉంటే తీసుకుని సుంకన్న మోకాలి మీద ఒకటి వేశాను. తప్పంటే తప్పే, మళ్ళీ అయినా అదే చేస్తాను. వాడు కూలబడ్డాడు. ముసలామె చేతిలోంచి గరిటె జారిపడింది. నేను పోలీసులకు ఫోన్ చేశాను.

శివలీల విడిపించుకుని పోయి గోనె మూటల సందులో నక్కింది. షాహనా మోకాళ్ళ మీద దగ్గరకు పోయి, కాలిన చెయ్యి, కాలని చెయ్యి రెండూ చాచింది.

"రా తల్లీ, అయిపోయిండాది."

"వద్దు" అంది పిల్ల. "నువ్వు గూడా వద్దు."

షాహనా చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"పసిపిల్ల, బెదిరిపోయింది. ఎత్తుకోమ్మే!" అన్నాను నేను.

"వద్దనింది గదక్కా" అంది షాహనా.

పోలీసులు వచ్చేదాకా ఆ పిల్లకు మూరెడు దూరంలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏడుస్తూ కూర్చుంది.