అమ్మ కోసం తెంపిన కుట్టు

పుస్తకమంటే చేతికి బరువు తెలియాలని, తిప్పితే కాగితం చప్పుడు కావాలని మొండిగా నమ్మే మనిషిని నేను. ఆ మొండితనం అమ్మ నుంచే వచ్చింది. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చించి దాచి, కథ పూర్తవగానే దబ్బనంతో తనే కుట్టి, సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసేది. సిమెంటు ఫ్యాక్టరీలున్న ఎర్రగుంట్లలో ఆ కాగితానికి కొరతేముంది. మధ్యాహ్నం వంటలయ్యాక వీధిలోని ఆడవాళ్లు మా వసారాలో చేరితే వాటిని గొంతెత్తి చదివేది. చదివింది అయిదో తరగతే. అయినా ఆమె చదువుతుంటే వాళ్లు శనక్కాయలు ఒలవడం కూడా మరిచిపోయేవాళ్లు.

రెండు వేల ఆరులోనో, ఏడులోనో షుగరు వల్ల ఆమె చూపు మసకబారింది. నేను కాపురముంటున్న కర్నూలు నుంచి పెద్ద భూతద్దం తీసుకెళ్లాను. దాంతో ఒక్కో మాటా కూడబలుక్కుంటుంటే వినేవాళ్లకు ఓపిక చాలలేదు. ఒక్కొక్కరే రావడం మానేశారు. అమ్మ పుస్తకాల పెట్టె మూసేసింది.

సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడు కంప్యూటరు, స్కానరు కొన్నాడు. పేజీలు స్కాన్ చేసి, తెర మీద అక్షరాలు పెద్దవి చేసి చూపించాడట. సెలవులకు నేను వెళ్లేసరికి అమ్మ మౌసు పట్టుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండింది.

"ఇది చదవడమా అమ్మా, టీవీ చూడటమా?" అన్నాను.

"అచ్చరం అదే గదమ్మే. వంకాయంత కనపడతాండాది. నీకు పుస్తకం ఇష్టం, నాకు ఇది ఇష్టం. నీ పుస్తకం నేనేమన్నా లాక్కుంటాండానా?"

వంటింట్లోకి వెళ్లిపోయాను. వసారాలోంచి, మళ్లీ రావడం మొదలెట్టిన ఆడవాళ్ల మాటలు వినపడ్డాయి. కరెంటు కోత వేళలు అమ్మనడిగి, ఆమె చదివేది వినడానికి మరుసటి రోజు ఎప్పుడు రావాలో తెలుసుకుంటున్నారు. నా పెళ్లికి అమ్మ ఇచ్చిన సీరియల్ పుస్తకం మళ్లీ వినాలనుందని ఒకామె అంది.

"అది కుట్టు తెంపితేనే స్కాను మిషను మీద సాపుగా పరుచుకుంటాదంట. నా బిడ్డ పానంగా దాచుకునింది. అడగను," అంది అమ్మ.

కర్నూలు వెళ్లాక నాలుగు రోజులు ఆ పుస్తకం తీయడం, పెట్టడం. ఆదివారం తెల్లారకముందే దాన్ని పట్టుకుని ఎర్రగుంట్ల బస్సెక్కాను. బ్లేడుతో అమ్మ వేసిన కుట్టు నేనే తెంపాను. విడిపోయిన పేజీలు ఒక్కొక్కటీ తమ్ముడికి అందిస్తే స్కాన్ చేశాడు.

ఆ మధ్యాహ్నం వసారా నిండింది. అమ్మ గొంతు పాత గొంతే. అయిదో తరగతి మనిషి అరవై దాటాక కొత్త విద్య పట్టి వీధినంతా మళ్లీ కూర్చోబెట్టిందని నా గుండె పొంగింది. పేజీ అయిపోయింది. అమ్మ అలవాటుగా వేలు నాలుకకు తాకించుకుని మౌసు నొక్కింది.