సువార్తకు మొదటి పండగ

ఆ ఏడు డిసెంబరు మొదటి తారీకునే ఎస్తేరమ్మ ఇంటికి సున్నం వేయడం మొదలుపెట్టింది. గురజాల పేటలో ఎవరూ అంత ముందుగా క్రిస్మస్ పండగ పనికి దిగరు. పత్తితీతలు సాగుతున్న రోజులు. పొద్దున పోయిన ఆడవాళ్ళు పొద్దుగూకి ఇళ్ళకు చేరతారు. ఎస్తేరమ్మ మాత్రం పని మానుకుని, సున్నంలో నీలిమందు కలిపి, నాపరాయి గోడల మీద కుంచె లాగుతోంది. పది నెలల సువార్త సున్నం కుండ దగ్గరికి పాకి రాకుండా, ఆ పిల్ల నడుముకు పాత చీర పేలిక కట్టి, రెండో కొస మంచం కోడుకు ముడేసింది.

పక్కింటి ఖాతూన్ బీ మేకపాల చెంబుతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏందమ్మా ఎస్తేరూ, పండక్కి ఇంకా చానా రోజులుంది గదా. ఇప్పుడే వేస్తే అప్పటికి మళ్ళీ మాసిపోద్ది."

"మాసిపోతే మళ్ళీ వేస్తా."

ఖాతూన్ బీ చెంబు గుమ్మం లోపల పెట్టి వెళ్ళిపోయింది. పిల్ల తండ్రి రాసిన ఉత్తరం సంగతి ఆమెకూ తెలుసు.

సువార్త ఎస్తేరమ్మ కన్న బిడ్డ కాదు, చెల్లెలు రూతమ్మ బిడ్డ. ఫిబ్రవరిలో ఈ పిల్లను కని, వారం తిరక్కుండానే బాలెంత జ్వరంతో రూతమ్మ పోయింది. ఆమె భర్త బాబూరావు నాగార్జునసాగర్ డ్యాం పనిలో మేస్త్రీ. ఎప్పుడు చూసినా రాళ్ళు పేలే ఆ చోట, రేకుల షెడ్డులో ఒంటరి మగవాడు పసిగుడ్డును ఎట్లా సాకుతాడు? ఎస్తేరమ్మ పిల్లను కొంగులో చుట్టుకుని తెచ్చేసుకుంది. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆమెకు పిల్లల్లేరు. పేరు పెట్టింది ఆమే. ఖాతూన్ బీ మేకపాలు పోసింది. పిల్ల నిలదొక్కుకుంది.

నవంబరు చివర్లో బాబూరావు రాసిన ఉత్తరం వచ్చింది. ఎస్తేరమ్మ భర్త ప్రభుదాసు, అయిదో తరగతి వరకు చదివినవాడు, కూడబలుక్కుంటూ చదివాడు. బాబూరావు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికూతురి పేరు మరియమ్మ, మంచి మనిషి. ఇద్దరూ ఇరవై నాలుగో తారీకుకు గురజాల వచ్చి, పండగ చేసుకుని, సువార్తను తీసుకుపోతారు. వదిన చేసిన మేలు జన్మలో మరువడు.

ఆ రోజు నుంచి ఎస్తేరమ్మ ఒక్కచోట కూర్చోలేదు. అన్నం కూడా నిలబడే తినేది. సున్నం ఒక పూత ఆరగానే రెండో పూత వేసింది. అరుగు అలికింది. వారం తిరిగేసరికి అలికిన అరుగునే మళ్ళీ అలికింది. ఇస్మాయిల్ కొట్లో ఎర్రవి, పచ్చవి, గులాబీరంగువి పల్చటి కాగితాలు తెచ్చి, ముక్కోణాలుగా కత్తిరించి, పిండి ఉడికించి జిగురు చేసి, పురికొసకు వరసగా అంటించింది. ఆమె ఒక తోరణం కట్టేలోగా సువార్త ఇంకోటి లాగేసేది. ఒకనాడు వెనక్కి తిరిగి చూస్తే పిల్ల నోరంతా ఎర్రగా ఉంది. రక్తమనుకుని ఎస్తేరమ్మ పరుగెత్తి పిల్లను ఎత్తుకుంది. వేలు పెట్టి నోరు తుడిస్తే నమిలిన కాగితం ముద్ద బయటికొచ్చింది. పిల్ల నవ్వింది. ఎస్తేరమ్మ ఆ ఎర్ర వేలిని చూసుకుంటూ, ఎందుకు ఏడుస్తోందో తెలియకుండా ఏడ్చింది.

రైలు కూత వినబడితే చాలు, చేతిలో పని అక్కడే పడేసి వీధిలోకి వచ్చేది. ఇంకా పదో తారీకే అని తెలుసు. అయినా వచ్చేది.

"ఎవరి కోసమే ఈ సింగారమంతా?" అన్నాడు ప్రభుదాసు ఒక ఆదివారం. అతను నాపరాయి గనిలో పనివాడు. ఆ ఇంటి గోడలు, కప్పు, గచ్చు అన్నీ తన చేతుల మీద నిలబెట్టినవే.

"పిల్ల కోసం. మొదటి పండగ గదా."

"దానికి ఈ కాగితాలు గుర్తుంటయ్యా?"

"నాకుంటయ్యి."

కాసేపటికి ఆమే మళ్ళీ అంది: "ఇయ్యనని రాయి."

"వాడి బిడ్డ ఎస్తేరూ. ఏమని రాయను?"

ఆమె కత్తెర నేలకేసి కొట్టి పెరట్లోకి పోయింది.

ఇరవై మూడో తారీకు పొద్దున ప్రభుదాసు గనికి వెళ్ళాక, ఎస్తేరమ్మ సువార్త గుడ్డలన్నీ మూటగట్టింది. రెండు గౌన్లు, పండక్కి కుట్టించిన తెల్ల గౌను, పాలసీసా. ముప్పాళ్ళలో మేనమామ ఉన్నాడు. మధ్యాహ్నం బండెక్కితే పొద్దుగూకేలోపల సత్తెనపల్లిలో దిగొచ్చు. అక్కణ్ణించి ముప్పాళ్ళ దగ్గరే. ఆ తర్వాత ఏం చేయాలో ఆమె ఆలోచించలేదు. బాబూరావు వచ్చేసరికి పిల్ల ఇంట్లో ఉండకూడదు, అంతే.

తోరణాలన్నీ కట్టి ఉన్న ఇంటికి గొళ్ళెం పెట్టి, పిల్లను చంకనేసుకుని, పేట వెనక దారిన స్టేషనుకు నడిచింది. ప్లాట్‌ఫారం మీద కాలు నిలవలేదు. ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉంది. మాచర్ల వైపు నుంచి బండి వచ్చి ఆగింది. మూట ముందు లోపలికి విసిరి, తానూ ఎక్కబోతూ ఉంటే వెనక నుంచి పిలుపు వినబడింది.

"వదినా!"

బాబూరావు. పక్కన పంతొమ్మిదేళ్ళ పిల్ల, చేతిలో రేకు పెట్టె.

"ఒకరోజు ముందే సెలవిచ్చారు వదినా. మేమొస్తన్నామని నీకెట్టా తెలిసింది? బిడ్డను గూడా ఎత్తుకుని ఎదురొచ్చావే!"

ఎస్తేరమ్మ పిల్లను గట్టిగా అదుముకుంది. బండి కూతేసింది. మరియమ్మ ఆమె ముఖంలోకి ఒకసారి, బండి లోపల పడి ఉన్న మూట వైపు ఒకసారి చూసింది. రేకు పెట్టె కింద పెట్టి, గబుక్కున చేయి చాపి మూటను బయటికి లాగింది.

ఇంటికి వస్తుంటే దారిలో బాబూరావు కూతుర్ని ఎత్తుకున్నాడు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఎస్తేరమ్మ చంక ఎక్కేదాకా ఊరుకోలేదు. అతను నవ్వేశాడు గాని, ముఖం చిన్నబోయింది.

సాయంత్రం ప్రభుదాసు గని నుంచి వచ్చి, వెదురు బద్దలు చీల్చి నక్షత్రం కట్టాడు. దానికి కాగితం అంటించే పని ఆడవాళ్ళకు పడింది. మరియమ్మ జిగురు రాస్తూ, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, యాడికి పోదామని బండెక్కబోయావు?"

ఎస్తేరమ్మ చేతిలో కాగితం చిరిగింది.

"నాకూ భయంగానే ఉందక్కా," అంది మరియమ్మ. "పిల్లల్ని ఎత్తుకున్న చెయ్యి గాదు నాది. అది ఏడిస్తే ఏం జెయ్యాలో నాకు తెలవదు. ఈయనేమో రా, నీ బిడ్డే అంటాడు. రూతమ్మక్క బిడ్డ అది. నా బిడ్డ అని ఎట్టా అనుకునేది?"

ఎస్తేరమ్మ లేచి నిలబడింది. అరుగు మీద మగవాళ్ళిద్దరూ కూర్చుని ఉన్నారు. నేరుగా వాళ్ళ ముందుకు వెళ్ళింది.

"బాబూరావూ, నేను నీకు ఎదురు రాలేదయ్యా. పిల్లను తీసుకుని ముప్పాళ్ళ పారిపోదామని వచ్చా. నువ్వు ఆ బండి దిగకపోతే నేను పోయేదాన్నే."

ప్రభుదాసు తల పట్టుకున్నాడు. బాబూరావు ముఖం కందగడ్డయింది.

"ఇయ్యనంటే ఇయ్యనని నాతో అనొచ్చు గదా వదినా. ఈ దొంగతనమేంది?"

"అంటే నా దగ్గర ఉంచేవాడివా?"

అతను లేచి వీధిలోకి పోయాడు. పేట మొదలు దాకా పోయి వచ్చాడు, మళ్ళీ పోయాడు. అతను తిరిగినంతసేపూ ఎస్తేరమ్మ గుమ్మం లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంది. మరియమ్మ ఒక్కతే కూర్చుని, పిల్లను ఒళ్ళో పెట్టుకుని, రంగు కాగితం ముక్క ఊపుతూ ఆడించే ప్రయత్నం చేస్తోంది. పిల్ల ఏడవలేదు. కాగితం లాక్కుని నోట్లో పెట్టుకోబోయింది.

"అది తినేస్తది, వేలు పెట్టి తియ్యి!" అని అరిచింది ఎస్తేరమ్మ.

మరియమ్మ తీసింది. బాబూరావు గుమ్మం దగ్గర నిలబడి అది చూశాడు.

"ఆమెను గూడా మనతో రమ్మను," అంది మరియమ్మ భర్తతో. "అక్క లేకుండా ఈ బిడ్డను నేను తీసుకుపోలేను."

బాబూరావు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత ప్రభుదాసు వైపు తిరిగాడు.

"అన్నా, డ్యాం కట్టేది రాతితోనే గదా. పనోళ్ళ కోసం ఊరూరా తిరుగుతున్నారు. నీ చేతిపని చూస్తే ఆ రోజే పనిలో పెట్టుకుంటారు."

"ఈ ఇల్లు ఏం గావాల?" అన్నాడు ప్రభుదాసు. అతనికి అదొక్కటే ఇల్లు.

ఎస్తేరమ్మ ఆ మాట విననట్టే ఉంది. నక్షత్రం తెచ్చి, మంచం లాగి దాని మీదికెక్కి, చూరుకు తనే కట్టేసింది. ఒకపక్క వంగింది. ఎవరూ సరిచేయలేదు.

పండగ గడిచింది. ఏసు గుడిలో సువార్త తెల్ల గౌను వేసుకుని, నలుగురి చేతులూ మారింది. ప్రభుదాసు చివరికి సరేనన్నాడు, జనవరి రెండో వారంలో అందరూ కలిసి సాగర్ వెళ్ళిపోయారు. తోరణాలు విప్పడానికి ఎస్తేరమ్మ ఒప్పుకోలేదు. ఇంటి తాళం ఖాతూన్ బీ చేతికిచ్చి, వెనక్కి చూడకుండా బండెక్కింది. ప్రభుదాసు మాత్రం చూస్తూనే ఉన్నాడు. చాలా ఏళ్ళ దాకా అతను ఆ ఇంటిని తలుచుకుని అన్నం ముందు కూర్చుని ఆగిపోయేవాడు. ఎస్తేరమ్మ ఆ తప్పు తనదేనని ఒప్పుకునేది, అయినా వెనక్కి పోదామని మాత్రం అనలేదు.

సాగర్‌లో రెండు షెడ్లు పక్కపక్కనే దొరికాయి. సువార్త పొద్దున ఒక షెడ్డులో గంజి తాగి, మధ్యాహ్నం ఇంకో షెడ్డులో నిద్రపోయేది. మరియమ్మకు కొడుకు పుట్టాక, ఇక పిల్లను తనకు వదిలేస్తారేమో అని ఎస్తేరమ్మ లోలోపల ఆశపడింది. వదల్లేదు. మరియమ్మకు ఇద్దరూ కావాలి. ఆడవాళ్ళిద్దరూ కుండలు పగిలేలా పోట్లాడుకున్న రోజులున్నాయి. మర్నాడు పిల్లకు ఒళ్ళు కాలితే, ఇద్దరూ ఒకే మంచానికి చెరోపక్కన కూర్చున్న రోజులూ ఉన్నాయి.

సువార్త పెరిగి బడికి పోయే ఈడు వచ్చింది. పొద్దున పిల్ల బడికి బయల్దేరితే ఎస్తేరమ్మ మలుపు దాకా వెంట నడిచేది. "ఇంక పో పెద్దమ్మా," అనేది సువార్త సిగ్గుపడుతూ. పోతున్నానని చెప్పి ఆగి, పిల్ల కనుమరుగు కాగానే ఎస్తేరమ్మ మళ్ళీ నాలుగడుగులు ముందుకు వేసేది.